షట్టరు మీద నూనె

పోయినవారం రత్నాన్ని మనం జానకమ్మగారి వాకిట్లో, చెప్పులు వెతుక్కుంటూ ఉండగా వదిలిపెట్టాం. ఆ ఇంటి పిల్ల శ్రీలేఖ శ్రీమంతంలో ముత్తయిదువులు గాజులు తొడిగే వేళకి రత్నం కెమెరా మొరాయించింది. తీసిన ప్రతి ఫొటోలోనూ కింద సగం గోనెపట్టా దించినట్టు నల్లగా వచ్చింది. రత్నం ఆపి వెలిగించింది, బ్యాటరీ తీసి పెట్టింది. చివరికి తెరమీద ఎర్రర్ అని పడి, ఆ సగం బొమ్మ కూడా రావడం మానేసింది. "ఫర్లేదులే రత్నం, పిల్లలు సెల్లుల్లో తీశారుగా" అన్నారు జానకమ్మగారు. మర్యాదగానే అన్నారు. ఆ మర్యాదే ఎనిమిది రోజులుగా రత్నం గొంతులో ముల్లులా ఉంది.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ల ఇళ్లకి పన్నెండేళ్లుగా రత్నమే ఫొటోలు తీస్తోంది. ఆడవాళ్ల వేడుకలకి మగ ఫొటోగ్రాఫరు లోపలి గదిదాకా రాలేడు. రత్నం వస్తుంది. పీటల పక్కకి జరిగి, తలుపుచాటున నక్కి, స్టూలెక్కి తీస్తుంది. అంతకంటే పెద్ద పని నెలాఖరుది. రైల్వేలో పుట్టినరోజు ఏ తేదీదైనా రిటైరయ్యేది నెల చివరి రోజునే. ఆ సాయంత్రం వర్క్‌షాపులో రెండు కుర్చీలు వేస్తారు. ఒకదాంట్లో రిటైరయ్యే మనిషి, రెండోదాంట్లో అతని భార్య. ఇద్దరికీ దండలు వేస్తారు, మాటలు చెబుతారు, జీపెక్కించి బ్యాండుతో ఇంటిదాకా తీసుకొస్తారు. గుమ్మంలో హారతి. మథురాకాటీలోగానీ ఖరిదాలోగానీ ఏ తెలుగింటి ముందుగదిలోకి వెళ్లినా ఆ ఫొటో ఒకటి గోడకి ఉంటుంది. పదింట్లో ఏడు రత్నం తీసినవే.

ఈ జూన్ ముప్పైన ఐదుగురు రిటైరవుతున్నారు. నలుగురి ఇళ్లకి రత్నం మాటిచ్చింది. ఐదోవాడు ఆమె మొగుడు తవిటయ్య.

సోమవారం మధ్యాహ్నం గోల్ బజార్లో తుంపర పడుతోంది. సిరిల్ కొట్టు ముందు పట్టా మీంచి నీళ్లు కారుతున్నాయి. అరవై దాటిన సిరిల్ ఆదివారం చర్చిలో పాటలు పాడతాడు, మిగతా ఆరు రోజులూ కళ్లద్దాల మీద ఇంకో భూతద్దం తగిలించుకుని కెమెరాలు విప్పుతాడు. రత్నం కొన్న మొదటి రోజు నుంచీ ఈ కెమెరా ఆయనకి తెలుసు.

"రత్నమ్మా, ఇలాగ రా. నువ్వే సూడు" అని దీపం వంచాడు.

కెమెరా చిప్పలు ఒలిచేసి, పేగులు బయటపడ్డట్టు బల్లమీద ఉంది. రత్నానికి చూడబుద్ధి కాలేదు. పన్నెండేళ్లు తన కుడిచేతిలో ఒదిగిన వస్తువు. బొటనవేలు ఆనేచోట రబ్బరు అరిగి నున్నబడింది.

"ఈ రెక్కలున్నాయి సూసినావా? ఇవే షట్టరు. కాయితం కంటే పల్సన. పొడిగా ఉండాల. వీటిమీద నూనె ఉంది."

"నూనా?"

"మిషన్ నూనె. వేసి పదిరోజులు దాటుంటాది. మెల్లగా పాకింది, దుమ్ము పట్టింది, బంకయిపోనాది. రెక్కకి రెక్క అతుక్కుని సగంలో ఆగిపోతన్నాయి. నీ నల్లపట్టీ అదే." ఆయన నవ్వాడు. "మన వర్క్‌షాపోల్లతో ఇదే తంటా. ఏది బిగుసుకున్నా నూనె. తాళానికి నూనె, గడియారానికి నూనె. మొన్నొకాయన హార్మోనియంలో పోసి తెచ్చినాడు. పైగా, ఎంత పోసినా స్వరం జారడంలేదు సిరిలూ అంటాడు."

రత్నం కూడా నవ్వింది. తవిటయ్య వేసుంటాడు, ఇంకెవరు. తను ఇంట్లో లేనప్పుడు బటను గట్టిగా ఉందని చూసి, తీసి, ఓ చుక్క. ఇంటికెళ్లి నాలుగు అనాలి అనుకుంది. కోపం కూడా రాలేదు. వర్క్‌షాపు మనుషుల పెళ్లాలకి ఇలాంటివి అలవాటే.

"కానీ ఒకటి సెప్పాల" అన్నాడు సిరిల్. "ఇప్పినోడి సెయ్యి మాత్రం సెయ్యే. ఇరవైమూడు స్క్రూలు. ఒక్కదాని తల సెదరలేదు. పొడుగుది పొట్టిదాని సోట పెట్టలేదు. నానిప్పినా ఇంత శుభ్రంగా రాదు. ఎవరమ్మా?"

"ఎవరో" అంది రత్నం. ఎందుకలా అన్నదో తనకే తెలియలేదు.

సిరిల్ బల్ల సొరుగులోంచి ఇంకో కెమెరా తీసి ముందు పెట్టాడు. "రెండు దారులున్నాయి. దీనికి షట్టరు మొత్తం మార్సాల. కలకత్తా నుంచి రావాల. పన్నెండు రోజులు పడతాది. అప్పటికి నూనె ఇంకెక్కడెక్కడికి పాకిందో నాను పూచీ ఇవ్వలేను, ఏడాది నడవొచ్చు, నెలకే ఆగొచ్చు. రెండోది, ఇది. మేదినీపూర్లో ఓ స్టూడియో మూసేస్తే తెచ్చినాను. వాడిందే, కానీ ఒంట్లో జబ్బు లేదు. నీ పాత లెన్సులు దీనికి సరిపోతాయి. ఒళ్లు మాత్రమే ఉంది నా దగ్గిర, లెన్సు లేదు. నీ లెన్సులు తెచ్చుకుంటే ఈరోజే పట్టుకుపోవచ్చు."

"పన్నెండు రోజులంటే ముప్పై దాటిపోతాది."

"దాటిపోతాది."

రత్నం ఆ రెండో కెమెరాని చేతిలోకి తీసుకుంది. బాగానే ఉంది. వేళ్లకి మాత్రం ఎవరింటి పిల్లనో ఎత్తుకున్నట్టుంది. "సాయంత్రానికి సెప్తాను సిరిల్ గారూ" అని లేచింది. ముప్పైమూడేళ్ల కాపురంలో ఇంట్లో చెప్పకుండా ఏదీ మార్చిన అలవాటు లేదు. తవిటయ్య ఇంట్లో ఏదీ మారదు, బాగవుతుంది. ఫ్యాను బాగవుతుంది, బకెట్టు బాగవుతుంది, చెప్పు బాగవుతుంది.

టోటో రిక్షాలో కూర్చుని సగం దూరం వచ్చాక ఆమెకి కుక్కరు గుర్తొచ్చింది.

చాలా ఏళ్ల కిందటి సంగతి. కుక్కరు మూత బిగుసుకుంటోందని రబ్బరు రింగుకి ఇంత కొబ్బరినూనె రాసింది. తవిటయ్య చూసి మండిపడ్డాడు. రింగు తీసి అవతల పారేసి, సైకిలేసుకుని వెళ్లి కొత్తది తెచ్చాడు. ఆ మనిషి ఒక వస్తువుని పారేసి కొత్తది తేవడం ఆమె చూసింది అదొక్కసారే. ఆయన పనిచేసేది బోగీల బ్రేకులు విప్పి బాగుచేసే సెక్షన్లో. గాలితో నడిచే వాల్వులు, లోపల రబ్బరు పొరలు. అక్కడ నూనెడబ్బా గుమ్మం దాటకూడదు. కొత్తగా చేరిన కుర్రాడెవడో తెలియక ఓ వాల్వులో చుక్క వేస్తే మూడురోజులు వాడితో మాట్లాడలేదు. "అన్నిటికీ నూనె మందు కాదు. కొన్నిటికి ఇసం" అని అన్నం తింటూ ఎన్ని వందలసార్లు అనుంటాడు. కూతురు స్వాతి చిన్నప్పుడు ఆ మాట అప్పజెప్పి నాన్నని వెక్కిరించేది.

ఇరవైమూడు స్క్రూలు తల చెదరకుండా విప్పిన మనిషికి, నూనె ఎక్కడ పడకూడదో తెలియదా?

రత్నం ఒళ్లో ఖాళీ సంచీ ఉంది. దాన్నే రెండు చేతులా పట్టుకుంది. ఎనిమిది, తొమ్మిది తారీఖుల్లో తను ఇంట్లో లేదు. మనవడికి జ్వరమని సాలువాలో కూతురింట్లో ఉంది. స్వాతి మొగుడిది అక్కడి పోలీసు క్యాంపులో ఉద్యోగం. కెమెరా రెండురోజులూ బీరువాలోనే ఉంది. అప్పటికి దానికి ఏ జబ్బూ లేదు. బటను గట్టిగా లేదు. బిగుసుకున్నది ఏదీ లేదు.

"దీదీ, నామ్‌బేన్ నా?" అన్నాడు టోటో అతను, దిగరా అని బెంగాలీలో. తమ క్వార్టరు ముందే బండి ఆగి ఎంతసేపైందో.

వర్క్‌షాపు సైరన్ మోగాక తవిటయ్య ఎప్పటిలాగే వచ్చాడు. సైకిలు స్టాండేశాడు, కాళ్లు కడిగాడు, వరండాలో చాప పరిచి విరిగిన గొడుగు ముందేసుకున్నాడు. మూల కొత్త చెక్కపెట్టె ఒకటుంది. వారంరోజులుగా తీరికున్నప్పుడల్లా చిత్రికపట్టి మేకులు కొడుతున్నాడు. పనిముట్లకి అన్నాడు. రత్నం టీ తెచ్చి పక్కన పెట్టింది.

"ఏటన్నాడు సిరిలు?"

"రిపేరు సెయ్యొచ్చంట. లేదంటే ఇంకోటి ఉంది, మార్సీమన్నాడు."

"మార్సడం ఎందుకు? బాగైనంతకాలం బాగుసేసుకోవాల. ఎన్ని రోజులంట?"

"పన్నెండు."

గొడుగు ఊచకి తీగ చుడుతున్న వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఇంకో చుట్టు చుట్టాయి. "మంచిదే గదా. రిపేరే సేయించు" అన్నాడు.

రత్నం ఆయన ఎదురుగా, గడప మీద కూర్చుంది. ఈ మనిషికి సైకిలు చైను తెగిందన్నా, పక్కింటి టీవీ ఆగిందన్నా, మొదట వచ్చే మాట ఒకటే: ఏటి పోనాది? ఈసారి ఆ మాట రాలేదు.

"ఏటి పోనాదో అడగవేటయ్యా?"

"సిరిలు సూసినాడు గదా. నానడిగితే బాగైపోతాదేటి?"

"షట్టరు మీద నూనె ఉందంట."

"ఓహో."

"మిషన్ నూనె."

తవిటయ్య టీ గ్లాసు అందుకుని ఊదాడు. "ఆ... నానే వేసినాను. నువ్వు సాలువాలో ఉన్నప్పుడు. టక్కుటక్కుమని సప్పుడెక్కువొస్తందని ఇప్పినాను. ఓ సుక్కేస్తే సాఫీగా ఉంటాదనుకున్నాను. తప్పయిపోనాది. సాలా? కాలు పట్టుకోవాలా?"

"తప్పయిపోనాదా?"

"అంతే గదా."

"కుక్కరు రింగుకి నాను కొబ్బరినూనె రాసిన్రోజు గుర్తుందా నీకు?"

ఆయన ఊదడం ఆపేశాడు. టీ తాగలేదు, గ్లాసు దించలేదు. వరండా చూరు మీంచి నీటిచుక్కలు బొట్టుబొట్టుగా బకెట్లో పడుతున్నాయి. ఆ బకెట్టు అడుగు కూడా ఆయన అతికిందే.

"మతిలేనోడివైతే తప్పనుకుందును" అంది రత్నం. గొంతు పెరగలేదు. "సేతకానోడివైతే తప్పనుకుందును. ఇరవైమూడు స్క్రూలు ఇప్పి, ఏ సోటుది ఆ సోట బిగించినావంట. సిరిల్ గారు మెచ్చుకున్నారు. ఆయనిప్పినా అంత శుభ్రంగా రాదంట. అంత జాగ్రత్తగా ఇప్పి, సరిగ్గా ఎక్కడ వెయ్యకూడదో అక్కడ వేసినావు. నానేటి సేసినానయ్యా నీకు?"

తవిటయ్య గ్లాసు కింద పెట్టాడు. మొహం అటు తిప్పుకుని, గొడుగుతో చెబుతున్నట్టు అన్నాడు.

"కుర్సీ అడిగినాను."

"ఏ కుర్సీ?"

"నీకు గుర్తు కూడా లేదు. మూడుసార్లు అడిగినాను. ముప్పయ్యో తారీఖున నా పక్కన కుర్సీలో కూకో అని. మొదటిసారి నువ్వు కంప్యూటర్లో ఎవలివో ఫొటోలు సరిసేస్తన్నావు. సూద్దుములే అన్నావు. రెండోసారి ఎర్రంచు సీర కట్టుకో అన్నాను. పట్టుసీరతో కెమెరా పట్టుకుని ఎలా పరిగెడతానన్నావు. మూడోసారి ఏటన్నావో నువ్వే సెప్పు."

రత్నానికి గుర్తుంది. నువ్వు దండేయించుకో, నాను ఫొటో తీస్తాను, నీ మొగం నాకంటే బాగా ఎవలు తీస్తారు, అంది. ముద్దుగానే అంది. అంతకంటే ప్రేమగా చెప్పడం ఎలాగో ఆమెకి తెలియదు కూడా.

"ముప్పైనాలుగేళ్లు" అన్నాడు తవిటయ్య. "వర్క్‌షాపులో ప్రతోడి పక్కనా ఆడి పెళ్లాం కూకుంది. తాగుబోతెదవలకి కూడా. నా పక్కన కుర్సీ ఖాళీ. నా పెళ్లాం ఎదురుగా నిలబడి, తలకాయ ఇటు తిప్పయ్యా, నవ్వయ్యా అంటాది. అందరితో అన్నట్టే. ఆ తర్వాత నాతో రిటైరయ్యే జాన్ పాల్ దగ్గిరికి పోయి ఆణ్ణీ అలాగే అంటాది. షాపులో నన్నేటంటారో తెలుసా నీకు? ఫొటో రత్నంగారి ఆయన. రిటైరయ్యే రోజు కూడా నాను నీ గిరాకీల్లో ఒకడినే."

కోపంగా అని ఉంటే రత్నం సమాధానం చెప్పేది. ఆయన గొంతు జీరబోయింది. ముందుగదిలో గోడవైపు అప్రయత్నంగా ఆమె కళ్లు వెళ్లాయి. స్వాతి పెళ్లి ఫొటో, మనవడి ఫొటో, తవిటయ్యకి రైల్వేవాళ్లు మెడల్ ఇచ్చిన రోజు ఫొటో. ఏ ఒక్కదాంట్లోనూ తను లేదు. ఊళ్లో ఇన్ని గోడల మీద ఇంతమంది ఆడవాళ్లని మొగుళ్ల పక్కన కూర్చోబెట్టిన మనిషి, తన ఇంట్లో ఎక్కడా కూర్చోలేదు.

"అడగడం నాకు రాలేదనుకో" అన్నాడాయన. "అలాగని నోరిప్పి బతిమాలుకోలేను. నూనెసుక్క వేసినాను. సెడ్డపనే. కెమెరా లేకపోతే నువ్వే కూకుంటావనుకున్నాను."

"కూకుంటే... ఆ నలుగురికీ ఏటి సెప్పుకోవాల?"

"కెమెరా పాడైపోనాదని సెప్పు. అబద్ధం కాదు గదా."

ఆ మాటకి రత్నం ఒళ్లు భగ్గుమంది. అయినా లోపల ఇంకేదో మెత్తబడుతూనే ఉంది. ఆడదాని మనసు ఎంత తెలివితక్కువదో ఆ మనసు పెట్టుకుని బతికినవాళ్లకే తెలుసు. పన్నెండు రోజులు. రిపేరుకిస్తే ముప్పైన ఎర్రంచు చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంటుంది. ఆ తర్వాత పాత కెమెరా తన చేతికొస్తుంది. మార్చుకుంటే ఆ రోజు మెడలో కెమెరా ఉంటుంది, తవిటయ్య పక్కన కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఒక్కరోజు. పోనీ, ఒక్కరోజే కదా.

"తర్వాత నా పని నన్ను సేసుకోనిస్తావా?" అంది.

"ఎవలు కాదన్నారు?" అన్నాడాయన, గొడుగు అందుకుంటూ.

రత్నం సెల్లు తీసింది. కలకత్తాకి చెప్పేయండి సిరిల్ గారూ, రిపేరే చేయండి అనే మాట నోట్లో సిద్ధంగా ఉంది. నంబరు నొక్కేలోపల సెల్లే మోగింది. జాన్ పాల్ భార్య ఎవాంజలిన్.

"వదినా" అంది ఎవాంజలిన్ నొచ్చుకుంటూ, "ఎంత గుట్టుమనిషివే. మాటవరసకైనా సెప్పకుండా ఎల్లిపోతన్నావేటి?"

"ఎక్కడికి?"

"సాల్లే నాటకాలు. మా ఆయనా అన్నయ్యా కలిసే గదా సెటిల్‌మెంటు పాసుకి కాయితాలు పెట్టినారు, పదో తారీఖున. మేం ఖరగ్‌పూరే రాయించుకున్నాం. అన్నయ్య శ్రీకాకుళం రోడ్డని రాయించినారంట. క్వార్టరు కూడా ఒకటో తారీఖునే అప్పజెప్పీస్తన్నారంట గదా."

రత్నం లేచి నిలబడింది. రైల్వేమనిషి రిటైరయ్యాక, సామానుతో సహా తాను స్థిరపడే ఊరికి ఒకే ఒక్కసారి ఇచ్చే పాసు అది. అందులో రాసేది ఒక్క ఊరిపేరే. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగితే ఆమదాలవలస, తవిటయ్య తమ్ముడిల్లు. క్వార్టరు ఇంకో నాలుగు నెలలు ఉంచుకోవచ్చు, ఆలోగా నింపాదిగా మాట్లాడుకుందాం అన్నది ఆయనే. ఇక్కడే ఝపటాపూర్లో రోడ్డువైపు గది ఉన్న ఇల్లొకటి చూశాను, ముందుగదిలో స్టూడియో పెట్టుకోవచ్చు అని తను చెబితే, ఊఁ అని విన్నదీ ఆయనే.

"వింటన్నావా వదినా?" అంటోంది ఎవాంజలిన్. "ఆ రోజే అన్నయ్య మా ఇంటికొచ్చి, రత్నం ఫొటోలకి రాదమ్మా, ఎవలినైనా సూసుకోండి అన్నారు. ఖరిదాలో ఒకాయన్ని అడిగితే ఖాళీ లేదంట. సిగ్గిడిసి అడుగుతన్నాను. ఎలాగూ ముప్పైకి ఊళ్లోనే ఉంటావు గదా. ఆ ఒక్కపూట..."

"వస్తాను" అంది రత్నం. "నీ ఇంటికే ముందొస్తాను ఎవాంజలిన్. జీపు ఆగేసరికి మీ గుమ్మంలో ఉంటాను."

సెల్లు దించేసరికి తవిటయ్య గొడుగు మూసి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"కెమెరా పోయింది పద్నాలుగున" అంది రత్నం. "నాను రానని పదో తారీఖునే ఎలా తెలిసిందయ్యా నీకు?"

ఆయన గొడుగు మళ్లీ విప్పి, తను చుట్టిన తీగని గోటితో గీరాడు.

"కుర్సీ గురించి ఏడిసినావు. నాను నిజమనుకున్నాను."

"అదీ నిజమే."

"అదీ నిజమే. ఇదీ నిజమే. నూనె ఒక్కరోజు కోసం కాదు. ఊరు దాటేదాకా అది పలకకూడదు. అంతే గదా? పన్నెండు రోజులంటే మంచిదే గదా అన్నావు. పన్నెండో రోజుకి మనం ఇక్కడుండం."

"అక్కడ తమ్ముడున్నాడు. మన మనుషులున్నారు. ఇక్కడేటుంది మనకి, సైరను తప్ప?"

"నన్నడిగినావా?"

"అడిగితే ఒప్పుకుంటావేటి?"

"అడిగి సూసినావా?"

"కుర్సీ అడిగితేనే ఇవ్వలేదు నువ్వు" అన్నాడు తవిటయ్య. "ఊరు అడిగితే ఇస్తావా?"

ఆ మాట ఆమెకి తగిలింది. తగలాలనే అన్నాడు. కాసేపు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, రద్దీ బోగీలో ఎదురెదురు సీట్లలో ఇరుక్కున్న కొత్తవాళ్లలా. తర్వాత రత్నం సిరిల్ నంబరు నొక్కింది, ఆయన వినేలాగే మాట్లాడింది.

"సిరిల్ గారూ, ఆ రెండోది పక్కన పెట్టండి. ఇప్పుడే లెన్సులు పట్టుకొస్తన్నాను."

"మంచిదమ్మా. పాతదో? షట్టరు తెప్పించమంటావా?"

"వద్దు. అలాగే మూసి ఇచ్చీయండి."

"నూనె తుడిసిస్తానులే."

"తుడవొద్దు. నూనెతో సహా కావాల నాకు."

లోపలికి వెళ్లి బీరువా తీసింది. రెండో అరలో చీరల వెనక స్టీలు డబ్బా, అందులో పాత తువ్వాలులో చుట్టిన రెండు లెన్సులు, తేమ పట్టకుండా పెట్టిన గుళికల పొట్లాం. డబ్బా చేతికి తేలిగ్గా వచ్చింది. మూత తీయకముందే ఆమెకి తెలిసిపోయింది. అయినా తీసింది. పొట్లాం ఉంది. తువ్వాలు కూడా, నాలుగు మడతలు పెట్టి, ఉంది.

వరండాలోకి వచ్చి చెక్కపెట్టెని గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగింది. గోడవైపున్న పలక మీద తెల్లరంగుతో, వర్క్‌షాపు అచ్చక్షరాలు: శ్రీకాకుళం రోడ్. రంగు ఇంకా వాసనేస్తోంది. వారంరోజులు దీని పక్కనే కూర్చుని బియ్యం ఏరింది తను.

తవిటయ్య పనిముట్ల సంచిలోంచి పటకారు తీసి మొదటి మేకు తల పట్టుకుంది. ఆయన కొట్టిన మేకు అంత సులువుగా కదలదు. రెండు చేతులా లాగింది.

"అందులో లేవు" అన్నాడు తవిటయ్య.

రత్నం వినిపించుకోలేదు. మేకు కిర్రుమంది.

"అందులో లేవు రత్నం. సేతులు కోసుకుంటావు. లెన్సులు స్వాతి పట్టుకెళ్లింది."

నిన్న ఆదివారం స్వాతి వచ్చింది. పాత చీరలు కావాలంటూ బీరువా తాళం అడిగింది. టీ పెడతానంటే వద్దంది. వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఎప్పుడూ లేనిది తల్లిని గట్టిగా కావలించుకుంది. నాన్న మాట వినకమ్మా, కొత్తది కొనుక్కో అని మొన్న ఫోన్లో చెప్పింది కూడా ఆ పిల్లే. కెమెరా పట్టుకోవడం ఎలాగో, ఊపిరి బిగబట్టి బటను నొక్కడం ఎలాగో రత్నం మొట్టమొదట నేర్పింది ఆ పిల్లకే.

పటకారు మేకు మీదే వదిలేసి సెల్లు తీసింది. ఒక్కసారే మోగింది. వెంటనే ఎత్తింది స్వాతి, సెల్లు చేతిలోనే పట్టుకుని ఎదురుచూస్తున్నట్టు.

రత్నం ఇంకా ఒక్క మాటా అనలేదు.

"అమ్మా" అంది స్వాతి. "నాన్న సెప్పీసినారా?"